పరంజా లోపలి కొస

రాజమండ్రి ఇన్నీసుపేటలాంటి పాతపేటల్లో పెంకుల మేడకు కప్పు మార్చాలంటే మూడు వైపులా పరంజా నేల మీంచి లేపొచ్చు. నాలుగో వైపు దగ్గరే చిక్కంతా. అటు మేడగోడ కింద ఎనిమిదడుగుల వెడల్పున వసారా ఉంటుంది, దానికీ పెంకులే. వసారా దాటితే మురుక్కాలువ, కాలువ పక్కనే రోడ్డు. సరుగుడు బాదులు ఎక్కడ నిలబెడతాం? వసారా పెంకు మీద కాలు పెడితే పెంకు పోతుంది, కాలువ మీద పలకలు పరిచి నిలబెడితే రోడ్డున పోయే లారీ తగిలి పరంజా పోతుంది. అలాంటి చోట నేల జోలికి పోకుండా, మేడగది కిటికీల్లోంచి దూలాలు బయటికి తోసి, వాటి మీద నడక వేస్తాం. ఇంజనీర్లు దీన్ని కాంటిలీవర్ అంటారు. చూసేవాళ్లకు గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది.

నేను వడ్రంగిని. మా నాన్న కూడా కప్పుల పనే చేసేవాడు. దూలాలు, వాసాలు, రీపర్లు, కొప్పు, చూరు – ఇదీ మా చదువు. మా వైపు బెంగుళూరు పెంకులని పిలిచే ఈ పెంకుల్ని మొదట మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో ఫ్యాక్టరీ పెట్టి చేయడం మొదలుపెట్టారు. తరవాత చాలాచోట్ల తయారయ్యాయి. పాత ఇళ్లలో పెంకు తిరగేస్తే వెనక ఫ్యాక్టరీ ముద్ర ఇప్పటికీ కనిపిస్తుంది. పెంకు మాత్రం అంత త్వరగా చెడదు. కింద రీపరు పుచ్చుతుంది, వాసం చివర చూరు దగ్గర నానుతుంది. అంటే మా పని ఎక్కువగా చూరు దగ్గరే. చూరు దగ్గర పని చేయాలంటే ఇంటి బయట, గాల్లో నిలబడాలి. అందుకే కప్పు పనిలో సగం పరంజా పనే. కొట్టడం, కోయడం మిగతా సగం.

నేల మీంచి లేచే పరంజాకి తప్పు చేసినా కొంత దయ ఉంటుంది. ఒక బాదు కుంగితే పక్క బాదు కాస్త మోస్తుంది, చప్పుడు చేస్తుంది, వంగి చూపిస్తుంది. కాంటిలీవర్‌కి ఆ దయ లేదు. లోపలి కొస వదిలిందంటే మొత్తం ఒకేసారి తిరగబడుతుంది. ఇంటివాళ్లు, రోడ్డున పోయేవాళ్లు, ఒక్కోసారి ఇంజనీరు కూడా బయటికొచ్చి పైకి చూసి “గట్టిగానే ఉందా మేస్త్రీ?” అని అడుగుతారు. బయట చూస్తే తెలిసేది తక్కువ. చూడాల్సింది మేడగది లోపల.

పొలాల్లో ఏతం చూసినవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. ఒక కొసన బరువు, మధ్యలో ఆధారం, రెండో కొసన దాన్ని ఆపే బరువు. మా దగ్గర మధ్య ఆధారం కిటికీ గోడ. బయటి కొసన మనుషులు, పలకలు, చేతిలో ఉన్న పెంకులు. లోపలి కొసను మేం తోక అంటాం. నా లెక్క ఎప్పుడూ కాగితం మీద వేస్తాను, నోటి లెక్క నమ్మను. ఇద్దరు మనుషులు 150 కిలోలు, పలకలూ పనిముట్లూ పెంకులూ కలిపి ఒక్కో దూలం వంతు 50. చూరు గోడ దాటి రెండడుగులు ముందుకొస్తుంది కాబట్టి మనిషి దానికి అవతల నిలబడి వంగాలి, అంటే గోడకు మీటరు దూరంలో. మీటరు దూరాన 200 కిలోలంటే, లోపల మూడు మీటర్ల దూరంలో తోకను 67 కిలోల బరువుతో పట్టి ఉంచితే సరిసమానం. గది చిన్నదై లోపల మీటరున్నరే దొరికితే అదే బరువుకి 133 కావాలి. అందుకే బయటికి ఒక వంతు, లోపలికి మూడు వంతులు అన్నది నా నియమం. సరిసమానం చాలదు కదా. మనిషి కాలు జారి దబ్బున కూర్చున్నా, వాసం ముక్క చేయిజారి పడినా బరువు ఒక్క క్షణం రెట్టింపు అవుతుంది. వచ్చిన లెక్కకు మూడింతలు పట్టేలా తోకను కడతాను. అంటే 67 కావలసిన చోట 200. గోడ మీద పడేది బయటి బరువొక్కటే అనుకుంటారు చాలామంది. తోకను కిందికి లాగే బలం కూడా గోడే మోయాలి. పై లెక్కలో రెండూ కలిపి 267.

ఇక తోకను దేనికి కట్టాలి? ఈ పనిలో మనుషులు చచ్చేది ఇక్కడే.

తోక పైకి లేవాలని చూస్తుంది. దాన్ని పైనుంచి నొక్కి పట్టాలి. మేడగదిలో నిలబడి తల ఎత్తితే నెత్తి మీద బలమైన టేకు దూలం కనిపిస్తుంది. తోక మీద ఒక కర్ర నిలువుగా పెట్టి ఆ దూలం కిందికి బిగదన్నితే పని అయిపోయిందనిపిస్తుంది. స్లాబు ఇంట్లో అయితే అది తప్పేమీ కాదు, స్లాబు ఎక్కడికీ పోదు. పెంకుటింట్లో మనం విప్పబోయేది ఆ కప్పునే! మొదటి రోజు దూలం మీద వాసాలు, రీపర్లు, పెంకులు అన్నీ ఉంటాయి, టన్నుల బరువు. రెండో రోజుకి ఆ వైపు పెంకులు దిగిపోతాయి. మూడో రోజుకి వాసాలు. అప్పుడు ఆ దూలం రెండు గోడల మీద ఊరికే పడుకున్న కర్ర. పరంజా అంతే ఉంది, మనుషులు అంతే ఉన్నారు, దాన్ని పట్టి ఉంచిన బరువును మాత్రం మనమే పెంకు తరవాత పెంకు కిందికి దించేశాం. ఎవరూ ఏ ముడీ విప్పలేదు కదా అనుకుంటారు. నేను మేస్త్రీనయ్యాక కప్పుకు ఎత్తి కట్టిన తోకను ఎక్కడ చూసినా ఆ ఇంట్లో ఎవరు పని చేస్తున్నా ఆగి చెబుతాను. కొందరు వింటారు, కొందరు “మీ పని మీరు చూసుకోండి గురూ” అంటారు.

అందుకని తోకను కిందికి, నేలకే కట్టాలి. పాత మేడల నేల మద్రాసు మిద్దె పద్ధతిలో ఉంటుంది. టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన సన్న ఇటుక, పైన గానుగ సున్నం గచ్చు. ఆ గచ్చు చదరపు మీటరు మూడు వందల కిలోల దరిదాపులో తూగుతుంది. ఆ బరువునే వాడుకుంటాం. తోకకు చెరో పక్కన నేలలో వేలు పట్టేంత కన్నం వేసి, 16 మిల్లీమీటర్ల మరలు తీసిన కమ్మీ దించి, కింది గదిలో రెండు దూలాల అడుగున అడ్డంగా ఒక ఇనప ఛానెల్ పెట్టి, నట్లు బిగిస్తాం. పైన తోక మీద ఇనప పట్టీ. ఇప్పుడు తోక లేవాలంటే మిద్దెను ఎత్తాలి. పని అయ్యాక ఆ కన్నాలను సున్నం, ఇటుకపొడి కలిపి పూడ్చేస్తే కనపడవు. ఇసుక బస్తాలు పేర్చి ఊరుకునే పద్ధతి కూడా ఉంది. బస్తాలు నేనూ వేస్తాను, కమ్మీకి తోడుగా. ఒక్క బస్తాల మీద మనిషిని ఎక్కించను. బస్తా చిరుగుతుంది, ఇసుక కారుతుంది, వంటగది దగ్గర ఇసుక అవసరమై ఎవరో ఒకరు ఒకటి పట్టుకుపోతారు.

ఇంటివాళ్ల చేతి సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. ఒక ఇంట్లో తోక కమ్మీ సరిగ్గా ఇనప్పెట్టె ముందు పడింది. ఆ గదిలో ఉండే మామ్మగారికి పెట్టె తలుపు సగమే తెరుచుకుంటోంది.

“ఏమయ్యా మేస్త్రీ, ఈ ఊచ ఒక్కటి కాసేపు తీసేద్దూ. సాయంత్రం మళ్లీ పెట్టేసుకోవచ్చు కదా.”

“మామ్మగారూ, పెట్టె కావాలంటే నలుగుర్ని పిలిచి నేనే జరుపుతానండి. ఊచ మాత్రం ముట్టుకోకండి. బయట గాల్లో ఉన్న ముగ్గురినీ పట్టుకున్నది అదేనండి.”

ఆవిడ కిటికీ దగ్గరకు వెళ్లి, బయట చూరు కింద నిలబడి రీపర్లు పీకుతున్న కుర్రాళ్లను చూసి, మళ్లీ వచ్చి ఊచను చూసింది. “ఈ చిన్న ఊచా?” అంది. పెట్టె జరిపించాం. ఆ తరవాత మాకు కాపలా అక్కర్లేకపోయింది. మంచం ఆ ఊచ పక్కనే వేయించుకుని, మనవళ్లను గదిలోకి రానివ్వలేదు. “దాని జోలికెళితే వీపు పగులుతుంది” అని ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా చెప్పేది. ఇప్పుడు నేను ఏ ఇంట్లో పరంజా కట్టినా మొదట ఇంటివాళ్లందర్నీ, పనిమనిషితో సహా, ఆ గదిలోకి పిలిచి కమ్మీ చూపించి చెబుతాను. ఎర్ర రంగు పూసి ఉంచుతాను కూడా.

దూలానికి ఏం వాడాలన్నది రెండో గొడవ. మా కుర్రాళ్లకు పైపు మీద మోజు. 40 ఎన్‌బీ పైపు, బయట కొలత 48.3 మిల్లీమీటర్లు, నేల మీంచి లేచే పరంజాకి బంగారం. ఒక్క పైపును కిటికీలోంచి బయటికి తోసి మీటరు దూరంలో 200 కిలోలు పెడితే మాత్రం లెక్క ప్రకారం అది మామూలు ఉక్కు వంగిపోయే హద్దు దాటేస్తుంది. నిలువుగా మోయడం వేరు, అడ్డంగా పడుకుని మోయడం వేరు. నేను 75 మిల్లీమీటర్ల ఛానెళ్లు రెండు, వీపుకు వీపు ఆనించి బోల్టులు వేసి వాడతాను. 100 ఛానెల్ ఇంకా గట్టిదే, కానీ పాత కిటికీల నిలువు ఊచల మధ్య నాలుగంగుళాల సందు ఉంటుంది. 75 ఛానెళ్ల జత వెడల్పు 80 మిల్లీమీటర్లే కాబట్టి ఊచ కోయకుండా దూరిపోతుంది. బలానికి కూడా కావలసినదానికన్నా ఎక్కువే. జత ఐదు మీటర్లకు డెబ్బై కిలోల పైమాట, ఇద్దరు మోయగలరు. టేకు దూలం ఉంటే అదీ మంచిదే, కాకపోతే ఇప్పుడు పుచ్చు లేని, ముడులు లేని టేకు దొరికితే పరంజాకి ఎవరు పెడతారు!

ఛానెల్‌ను కిటికీ చట్రం మీద ఎప్పుడూ ఆనించకూడదు. చట్రం చెక్క, నొక్కుకుపోతుంది. గోడ మీద రెండంగుళాల మందం చెక్కదిమ్మ వేసి, గోడ బయటి అంచుకు రెండంగుళాలు లోపలికి జరిపి పెట్టాలి. సున్నపు గోడల అంచు పెళ్లగా రాలుతుంది, మధ్య మాత్రం రాయి. ఛానెల్ అటూ ఇటూ దొర్లకుండా రెండు పక్కలా చెక్క ముక్కలు బిగదన్నాలి. బయటి కొసను ఒక అరంగుళం ఎత్తు పెడతాను. మనుషులు ఎక్కాక అది మట్టానికి వస్తుంది. ముందే మట్టంగా పెడితే ఎక్కాక బయటికి వాలుతుంది, వాన పడితే పలక జారుడు.

కిటికీకీ కిటికీకీ మధ్య ఎనిమిదడుగులు. ఛానెళ్ల మీద అడ్డంగా మూడు పైపులు క్లాంపులతో బిగించి, వాటి మీద పలకలు పరుస్తాం. పలక కొస ఆధారం దాటి నాలుగు వేళ్లకన్నా ఎక్కువ పొడుచుకు రాకూడదు. దాని మీద అడుగు వేసినవాడు పలకతో సహా వెళ్లిపోతాడు. ప్రతి పలకనూ కట్టుకమ్మీతో కడతాం. బయటి పక్క నడుము ఎత్తులో, అంటే మీటరున, ఒక పైపు, దానికి సగంలో ఇంకొకటి, పాదాల దగ్గర ఆరంగుళాల పలక. ఆ ఆరంగుళాల పలక మనిషికి కాదు, కింద నడిచేవాడికి. సుత్తి కాలు తగిలి కిందికి పోకుండా. కరెంటు తీగ సంగతి దూలం తోయకముందే చూసుకోవాలి. కరెంటు స్తంభం తీగలు ఇంటికి అడ్డంగా 1.2 మీటర్ల దూరంలో ఉండాలని నిబంధన. మీటరు బయటికి వచ్చే పరంజా ఆ దూరాన్ని తినేస్తుంది. అలాంటి చోట కరెంటు ఆఫీసులో కాగితం ఇచ్చి, లైను ఆపించాకే పని జరగాలి. తీగకు ప్లాస్టిక్ గొట్టం తొడిగి సరిపెట్టుకోవడం ఆత్మహత్య.

అన్నీ అయ్యాక మనుషులు ఎక్కరు. ముందు ఇసుక బస్తాలు ఎక్కుతాయి. మనుషులకు అనుకున్న బరువుకు ఒకటిన్నర రెట్లు, అంచు వైపే పెట్టి రాత్రంతా వదిలేస్తాను. లోపల తోక దగ్గర గోడ మీద పెన్సిల్ గీత గీసి ఉంటుంది. పొద్దున్న గీతకూ తోకకూ మధ్య గోరు దూరినా మళ్లీ బిగించి, మళ్లీ బస్తాలు. ఈ ఒక్క రాత్రికి ఇంటి యజమానులు ఎంత గింజుకుంటారో చెప్పలేను.

పని మొదలయ్యాక పరంజా మీద పెంకులు పేర్చడం నిషేధం. పది పెంకులంటే పాతిక కిలోలు, తడిసినవైతే ఇంకా. పెంకు చేతికి రాగానే లోపలికి, విప్పిన కప్పులోంచి గదిలోని మనిషికి. సాయంత్రం గాలివాన వచ్చేలా ఉంటే కప్పు మీద నీలం పట్టా కప్పుతారు, దాని తాళ్లను పరంజాకి కట్టాలని కుర్రాళ్లకు చెయ్యి లాగుతుంది. గోదావరి గాలి ఆ పట్టాను పట్టి పరంజాని గుంజేస్తుంది. పట్టా తాళ్లు ఇంటి లోపలి స్తంభాలకే. నడుముకు కట్టుకునే బెల్టు తాడు కూడా అంతే. పరంజాకీ కట్టకూడదు, విప్పే వాసానికీ కట్టకూడదు. లోపలి గది గుమ్మానికి వెనకాల అడ్డంగా ఒక పైపు, రెండు పక్కలా గోడకు ఆనేలా పెట్టి, దానికి కడతాం. పరంజా పోయినా మనిషి మిగలాలి కదా.

మా బావమరిది కొడుకు కోనసీమ నుంచి చాలామందిలాగే గల్ఫ్ వెళ్లి అక్కడ పరంజాలే కట్టి వచ్చాడు. వాడు తెచ్చిన అలవాటు ఒకటి నాకు నచ్చింది. అక్కడ పరంజా నిచ్చెన దగ్గర చీటీ వేలాడుతుందట. చూసి సరే అంటే ఆకుపచ్చది, లేకపోతే ఎర్రది. ఎర్రది ఉంటే కంపెనీ మేనేజరైనా ఎక్కకూడదు. ఇప్పుడు మా దగ్గరా అదే. అట్టముక్క మీద వాడే తేదీ, సంతకం వేస్తాడు, పొద్దున్న టీ ముందు. మొదట్లో కుర్రాళ్లు నవ్వారు. మేస్త్రీనైన నన్ను కూడా వాడు ఒక పొద్దున కిందనే ఆపేశాక నవ్వడం మానేశారు. వర్షం పడిన రాత్రి తరవాత చీటీ దానంతటదే ఎర్రదైనట్టు లెక్క, మళ్లీ చూసేదాకా.

మా పని చూడటానికి ఇన్‌స్పెక్టరు ఎవరూ రారు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం పది మంది, ఆపైన పనివాళ్లున్న చోటికే పెట్టారు. ఆ చట్టంలో సొంత ఇంటి పని ఖర్చు పది లక్షలు దాటకపోతే అదీ ఉండేది కాదు. పరంజాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3696 అని దశాబ్దాలుగా ఉంది. పేటలో ఏ మేస్త్రీ ఇంట్లోనూ ఆ పుస్తకం కనపడదు. మా ముగ్గురు, నలుగురు మనుషుల పనిలో చట్టమూ మేమే, పోలీసూ మేమే.

అసలు అడ్డం డబ్బు దగ్గర పడుతుంది. యజమాని హైదరాబాదులో ఉంటాడు, ఫోన్లో ఒక అంకె అడుగుతాడు. కప్పు మొత్తానికి ఇంత అని ఒకే అంకె చెబితే, తక్కువ చెప్పినవాడికి పని దక్కుతుంది. ఆ తగ్గించిన డబ్బు పెంకులో తగ్గదు, చెక్కలో తగ్గదు, ఎందుకంటే అవి పని అయ్యాక కళ్లకు కనిపిస్తాయి. పని అయ్యాక మాయమైపోయేది పరంజా ఒక్కటే, కోత అక్కడ పడుతుంది. నేను పరంజా ఖర్చు విడిగా రాసిస్తాను. కొందరు “పాత పెంకు మార్చడానికి ఇంత పరంజానా?” అని ఇంకొకరి దగ్గరకు వెళ్లిపోయారు. వెళ్లనీ.

విప్పేటప్పుడు వరస తలకిందులు. పలకలు, కంచె పైపులు, అడ్డ పైపులు, అన్నీ లోపలి నుంచి అందుకుంటూ తీసేశాక, ఛానెల్ మీద ఏమీ మిగలనప్పుడు, అందరికన్నా చివర తోక నట్లు. పని అయిపోయిందన్న తొందరలో ఎవడో ఒకడు కిందికి దిగి ముందు ఆ నట్లే వదులు చేయబోతాడు. అందుకే పానా నా దగ్గరే ఉంటుంది.

మీ ఇంటికి ఇలాంటి పరంజా కడుతుంటే బయట నిలబడి పైకి చూడకండి. మేడ మీదికి వెళ్లి “తోక దేనికి కట్టారు? కప్పు విప్పాక కూడా అది ఉంటుందా?” అని అడగండి. జవాబు చూపించలేని మేస్త్రీ చేత పని ఆపించండి. పరంజా ఖర్చు విడిగా రాయించుకోండి. ఇంకొక మాట, కప్పు పని ఉంటే మాఘ, ఫాల్గుణ మాసాల్లో చెప్పండి. మే నెల గాలివానలు మొదలయ్యాక ఫోన్ చేస్తే నేను వసారా పెంకులు మారుస్తాను గానీ, కిటికీలోంచి దూలం మాత్రం బయటికి తోయను.